గ్యాలరీని దింపిన కీపరన్న

నల్లగొండ జిల్లాలో బుగులు పడేటోళ్లకు పోటీ పెడితే కప్పు ఎవరికి పోతదో దేవరకొండ దిక్కు ఎవరినడిగినా చెప్తరు. కీపర్ శివకృష్ణకే. రెండో బహుమతి కూడా ఆయనకే ఇయ్యాలె, ఎందుకంటే ఆయన దరిదాపులకు వచ్చే మనిషి ఇంకా పుట్టలేదు. బల్లిని చూస్తే బుగులు, ఉరుము ఇంటే బుగులు, సూది పేరు చెప్తే బుగులు. కరోనా టీకా ఏసే రోజు నర్సమ్మ సూది బయటికి తియ్యకముందే పడిపోయిండు. మొఖం మీద నీళ్లు చల్లి లేపి, "అయిపోయింది, ఇంటికి పోవయ్యా" అంటే, అయిపోయిందా అని మళ్ల పడిపోయిండు. ఇంట్లోకి తేలు వస్తే భార్య మల్లిక చెప్పు పట్టుకొని ముంగట, ఈయన ఆమె కొంగు పట్టుకొని ఎనుక.

అసువంటి మనిషి ఏండ్లకేండ్లు హాకీ గోలు ముంగట నిలబడ్డడు. తుపాకి నుంచి ఎల్లినట్టు వచ్చే బంతికి ఎదురుంగ. చెప్తే నమ్మరు. చూసినోళ్లే నమ్మలేదు.

అసలు ఆయన కీపర్ అయ్యిందే బుగులు వల్ల. బాపు చెన్నయ్య గొర్లు కాసేటోడు. దేవరకొండ గుట్ట అవతల జొన్న చెలకలల్ల మంద తిప్పుకుంట కొడుకును బడికి తోలిండు. బడిలో పీటీ సారు ఒకనాడు గదిల నుంచి హాకీ సామాను తెచ్చి మైదానంల కుప్ప పోసిండు. పిలగాండ్లంతా కట్టెల మీద పడ్డరు. శివకృష్ణ కన్ను మాత్రం ఓ మూలకున్న మూట మీద పడ్డది. తలకు టోపీ, మొఖానికి జాలి, ఛాతికి దిండు, కాళ్లకు పరుపుల్లాంటి కవచాలు, చేతులకు గౌసెన్ల లెక్క గ్లౌజులు. "సారూ, గివన్ని ఒక్కనికే ఇస్తరా?" అని అడిగిండు. సారు అవునన్నడు. "అయితే నాకియ్యిండ్రి" అన్నడు. ఇంత సామాను ఒంటి మీద ఉన్నోనికి ఏ దెబ్బా తాకదని ఆయన లెక్క. అంత సామాను ఎందుకిస్తరో ఎరుకయ్యేసరికి మొదటి బంతి కడుపుల తగిలింది.

అప్పటికి ఎనక్కి పోయే దారి లేదు. మిగిలినోళ్లు కట్టెలు పంచుకున్నరు.

గోలు ముంగట ఒక్కడే నిలబడి, బంతి అవతలి కొసన ఉన్నప్పుడే చెమటలు కక్కేటోడు. ఆ బుగులుకు నోరు ఆగకపోయేది. "ఒరే ఎడమ దిక్కు, ఎడమ దిక్కు! పొడుగోడు వస్తుండు, వాన్ని ఆపు! నువ్వు నిలబడ్డ కాడ నిలబడు! మా అవ్వ మీద ఒట్టు, నా దాక రానియ్యకుండ్రి!" ఆయన ఏం చెప్తే ముంగటోళ్లు అది చేసేటోళ్లు. బంతి ఆయన దాక వచ్చేదే కాదు. జనం ఆట చూసుడు బంద్ చేసి ఆయన గోలు ఎనుక వచ్చి కూసునేటోళ్లు, ఆ మాటలు ఇననీకె. ఒక మ్యాచ్‌ల అంపైర్ కూడా ఈయన మాటలు ఇనుకుంట ఈల ఊదుడు మరిచిండని చెప్తరు. ఆ అంపైర్‌ది మిర్యాలగూడ దిక్కు. కావాలంటే పోయి అడుగుండ్రి, ఇప్పటికీ నవ్వుతడు.

ఒక్కసారి మాత్రం మాట చెడ్డది. జిల్లా పోటీలల్ల బంతి దగ్గరికొచ్చిన ఒక క్షణంల ఆయన గొంతు వణికి కీచుమన్నది. అంతే, ముంగటున్న నలుగురు ఒక్కసారే ఎనక్కి తిరిగి ఆయన మొఖం చూసిండ్రు. వాళ్లు ఆయనను చూస్తున్నరు, బంతి వాళ్ల కాళ్ల సందుల నుంచి గోలుల పడ్డది. వారం దాక ఆయనకు ఆ నాలుగు మొఖాలే కనబడ్డయి. బుగులు పడుడు తప్పు కాదు. అది గొంతుల ఇనబడితే ఎంత మంది తలలు తిప్పుతరో ఆనాడు ఎరుకైంది.

తెలంగాణ వచ్చిన కొత్తల రాష్ట్రం పోటీలకు హైదరాబాద్ పోయిండ్రు. కాలు కవచం పట్టీ ఊడింది. ఈయన వంగి కట్టుకుంటుంటే బంతి వచ్చి మోకాలి చిప్ప మీద తగిలింది. ఆ కాలు ఇప్పటికీ వానొస్తదని ముందుగాలనే చెప్తది. డిగ్రీ ఆగింది, ఆట ఆగింది, ఆగనిది నోరొక్కటే.

కట్టు కట్టుకొని దేవరకొండ మైదానంల ఓ పక్కకు కూసోని, ఎవరో ఆడుతున్న కబడ్డీకి అలవాటు కొద్దీ మాట్లాడుతుంటే మైకు ఆయన చేతుల పెట్టిండ్రు. అప్పటి నుంచి చేతుల నుంచి మైకు దిగలేదు. నల్లగొండల రాజేశ్ అని ఒకడు యూట్యూబ్ చానల్ పెట్టి ఈయనను పట్టుకున్నడు. మంచు మీద ఆడే హాకీ ఒకటి ఉంటదట. దాని వీడియో ముంగటేసి, "దీనికి మన మాట పెట్టన్నా" అన్నడు. గోలు ముంగట ముసుగేసుకొని నిలబడ్డ పొడుగోన్ని చూసి శివకృష్ణకు దుఃఖమే వచ్చింది. "ఓ కొడుకా, నీ బాపు నిన్ను గొర్లకాడికి పంపినా బాగుండు గదరా! ఆ నల్ల బిల్ల వస్తుంది, కాళ్లు దగ్గరికి పెట్టు, దగ్గరికి పెట్టు!" అని మొదలుపెట్టిండు. మహబూబ్‌నగర్ నుంచి మస్కట్ దాక ఆ వీడియో తిరిగింది. బండ్ల మీద, బస్సులల్ల, మంగలి దుకాండ్లల్ల అదే గొంతు. కొత్తకోట కాడ బెంగళూరు రోడ్డు మీద లారీలు ఆపి డ్రైవర్లు ఇన్నరంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టు అయితది గని, ఒక లారీ అయితే ఆగింది.

ఆ పేరుతోనే హాలియాకు పిలుపు వచ్చింది.

యాసంగి నాట్లు పడి జనం జర నడుములు ఎత్తే దినాలు. హాలియాకు జర దూరంల, కాలువ కింద ఆ ఏడు బీడు పెట్టిన ఒక పెద్ద మడిల కబడ్డీ పోటీలు. కమిటీ పెద్ద రామచంద్రం. ఎరువుల దుకాణం ఆయనది, ఒకప్పుడు కబడ్డీ ఆడినోడు, మాట మంచిది, తొందర ఎక్కువ. కోర్టుకు టిప్పర్లతోటి ఎర్రమట్టి పోయించి అద్దం లెక్క చదును చేయించిండు. టిప్పర్లు లోపలికి రానీకె మడి ఒడ్డును ఒక కాడ తవ్వించిండు. పని అయినంక పూడ్చుడు మరిచిండ్రు. సర్వి కట్టెల గ్యాలరీ మాత్రం ఎర్రమట్టి మీద కాదు, ఆ ఒడ్డు పక్కన నల్లమట్టి మీద నిలబెట్టిండ్రు. పైకి గట్టిగ, ఎండిన రొట్టె లెక్క కనబడ్డది.

కాలువ నీళ్లు అక్కడ వంతుల లెక్క ఇడుస్తరు. ఆ పొద్దు వంతు పై మడి సోమమ్మది. కబడ్డీ ఉన్నదని వరి ఎండబెట్టుకునే మనిషి నాగార్జునసాగర్ కింద ఉంటదా? తూము ఎత్తి, మడి నిండినంక సూసుకుందామని ఇంటికి పోయింది. ఒడ్డు తెగి ఉన్నదని ఆమెకు ఎరుక లేదు. ఆ పొద్దు ఆమె వంతని కమిటీకి ఎరుక లేదు.

ఇంకో సంగతి. మల్లిక ఆనాడే మొదటిసారి మొగని కామెంటరీ ఇననీకె వచ్చింది. ఎన్నోసార్లు అడిగింది. ఆమె ముంగట మాట్లాడాలంటే నోరు ఎండుతదని ఆయన ఏదో సాకు చెప్పేటోడు.

"లోకమంతా ఇంటాంది. నేనే ఇంట్ల కూసోని గంటె తిప్పాల్నా?" అని బిడ్డ సుమనను సంకనేసుకొని బస్సెక్కింది. గ్యాలరీల అన్నిటికంటె పై వరుసల, ఎడమ కొసన కూసున్నది. అక్కడి నుంచైతే మైకు బల్ల కాడ మొగడు సాఫ్‌గ కనబడుతడు.

పొద్దు గుంకనీకె ఇంకా టైమున్నది. సెమీఫైనల్ నడుస్తాంది. గ్యాలరీ కిక్కిరిసింది. దిగనీకె, ఎక్కనీకె నడిమిట్ల ఒక్కటే మెట్ల దారి. శివకృష్ణ మంచి ఊపుల ఉన్నడు.

"నిడమనూరు రైడర్ పోతుండు, పోతుండు, అత్తగారింటికి పోయినట్టు నెమ్మదిగ పోతుండు... ఆగాగు, బావమరుదులు లేచిండ్రు! పట్టిండ్రు! మర్యాద గట్టిగనే చేస్తున్నరు!"

జనం నవ్విండ్రు. ఆయన కన్ను గ్యాలరీ దిక్కు పోయింది. మల్లిక నవ్విందో లేదో చూద్దామని. మల్లికను చూసిన కన్ను కిందికి దిగుతుంటే గ్యాలరీ కాళ్ల సందుల ఏదో మెరిసింది.

నీళ్ల కరువున్న దేవరకొండ దిక్కు పుట్టినోనికి నేల మీద నీళ్లు కనబడితే కన్ను అక్కడనే ఆగుతది. హాలియా మనిషికి నీళ్లు ఒక వింత కాదు, ఆ జాగల ఎవరూ చూసి ఉండరు. శివకృష్ణ చూసిండు. నోరు మాట్లాడుతనే ఉన్నది, కన్ను నీళ్ల ఎంబడి పోయింది. ఒడ్డు తెగిన కాడి నుంచి సన్నగ, సప్పుడు లేకుండ, గ్యాలరీ కిందికి పారుతాంది. మీద కట్టిన బ్యానర్ చూసిండు. పెద్దమనుషుల ఫొటోలు వరుసగ ఉన్నయి. ఎడమ కొసన ఉన్న పెద్దమనిషి మొఖం మిగిలినోళ్ల కంటె కిందికున్నది. ఇంతకుముందు అట్ల లేకుండె.

కడుపుల మొదటి బంతి మళ్ల తగిలింది.

మైకును అరచేత మూసి పక్కన కూసున్న రామచంద్రం చెవుల చెప్పిండు. "అన్నా, గ్యాలరీ కింద నీళ్లున్నయి."

"ఎవడో బాటిల్ ఒంపి ఉంటడు తియ్యి."

"బాటిల్ గాదే. మడి పారుతాంది. గా బ్యానర్ చూడు, ఎడమ దిక్కు కట్టెలు దిగబడుతున్నయి."

రామచంద్రం చూసిండు. మొఖంల నెత్తురు లేకుండ పోయింది. "మైకియ్యి. అందర్ని దిగుమని చెప్త."

శివకృష్ణ మైకును బిడ్డను పట్టుకున్నట్టు ఛాతికి పట్టుకున్నడు. "చెప్తే ఏమైతదో ఎరుకేనా? అందరు ఒక్కపారే లేస్తరు. ఒక్కటే దారి. కట్టెలు కూలుడు తర్వాత సంగతి, ఒకరి మీద ఒకరు పడి పోతరు."

ఆయన చిన్నప్పుడు ఒకసారి మంద మీదికి ఊరకుక్కలు వచ్చినయి. కుక్కలు తిన్నది ఒక్క గొర్రె పిల్లనే. మిగిలిన గొర్లన్ని దొడ్డి ఒక మూలకు దూకి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, తెల్లారేసరికి కింద పడ్డవన్ని ఊపిరాడక చచ్చినయి. చెన్నయ్య వాటి నడుమ కూసోని, వాటి చెవులు నిమురుకుంట ఉన్నడు. ఆ మూల ఇప్పుడు శివకృష్ణ కండ్ల ముంగట నిలబడ్డది. ఆ మూలల అందరికంటె పైన మల్లిక.

"మరేం జేద్దాం రా?" రామచంద్రం అడిగిండు.

"శాలువాలున్నయా?"

"గీ టైముల శాలువాలెందుకురా!"

"ఉన్నయా లేవా అన్నా? అన్నీ తే. టెంట్‌హౌజ్ ఎంకటేశ్‌కు చెప్పు, సప్పుడు లేకుండ గ్యాలరీ కిందికి కట్టెలు, యూరియా బస్తాలల్ల మట్టి. ఎవలన్న తూము మూసిరమ్మను. ఎవలు ఉరకద్దు. నడవాలె."

తర్వాత మైకు మీది నుంచి చెయ్యి తీసిండు. ఒక్క క్షణం ఆయన గొంతు ఎట్ల ఎల్తదో ఆయనకే ఎరుక లేదు. పక్కన కెమెరా పట్టుకున్న రాజేశ్ తర్వాత చెప్పిండు, "అన్న మొఖం కాటికి పొయ్యే మొఖం, గొంతు పెండ్లి గొంతు" అని.

"అయ్యలారా, అన్నలారా! ఆటకు జర విరామం. గీ హాలియా మట్టి మీద ఒకప్పుడు కబడ్డీ ఆడి, తొడగొట్టి, మనకు పేరు తెచ్చిన పాత క్రీడాకారులు గ్యాలరీల మన నడుమనే ఉన్నరు. వాళ్లను మరిచి మనం ఆట ఆడితే పాపం తగుల్తది! ఊరూరు వరుసగ పిలుస్త. ఒక్కొక్కరు కిందికి రావాలె, శాలువా కప్పించుకోవాలె, టీముతోటి ఫొటో దిగాలె. ముందుగాల ఎడమ దిక్కు పై వరుసలల్ల ఉన్న అనుములోళ్లు!"

ఈ జిల్లాల నడిమి వయసు దాటిన మొగోడు ఒకప్పుడు కబడ్డీ ఆడనోడు ఉన్నడా? వాళ్ల నోటి లెక్క ప్రకారం ఒక్కడు లేడు. అనుములోళ్లు ఒకల మొఖాలు ఒకలు చూసుకున్నరు. మొదలు ఒకాయన లేచిండు. ఆయన లేస్తే, "వానికి శాలువానా, వాడు నా చేతుల ఎన్నిసార్లు ఔటయిండు!" అని ఇంకొకాయన లేచిండు. ఆటగాండ్లకు కుండల నీళ్లు మోసినాయన కూడ మీసం దువ్వుకుంట లేచిండు. ఒకరి ఎనుక ఒకరు, పెండ్లిల పెద్దలు నడిచినట్టు నడిచిండ్రు.

శివకృష్ణ అనుకున్నది జరిగింది. సన్మానానికి పొయ్యేటోడు ఉరకడు. జరిగినంకనే ఆయనకు అసలు బుగులు మొదలైంది. ఎందుకంటే వీళ్లు ఉరుకుడు కాదు, నడుసుడు కూడ నడుస్తలేరు. ఒకాయన రుమాలు సర్దుకున్నడు. ఒకాయన మెట్ల నడుమ నిలబడి అందరికి దండం పెట్టిండు. ఇంకొకాయన అక్కడనే తొడగొట్టిండు. ఆ దెబ్బకు కట్టె కిర్రుమన్నది. ఆ సప్పుడు శివకృష్ణ పండ్లల్లకు ఎక్కింది.

"తొడ కింద కొట్టుదువు తియ్యి తాతా, జర సల్లగ దిగు! కెమెరా నీ కోసమే సూస్తాంది!"

జనం పగలబడి నవ్విండ్రు. ఆయన కండ్లు మాత్రం ఆ కట్టె మీదనే ఉన్నయి.

అనుముల అయింది, పెద్దవూర అయింది, త్రిపురారం అయింది. శాలువాలు అయిపోయినయి. రామచంద్రం ముంగట కప్పి, ఫొటో దించి, "అన్నా గిటు రా" అని గుడారం ఎనక్కి తీస్కపోయి, అదే శాలువా గుంజుకొని తర్వాతోనికి కప్పిండు. ఒకాయన ఇయ్యనని గట్టిగ పట్టుకున్నడు, అది ఇంకో కథ. కింద ఎంకటేశ్ మనుషులు మోకాల్లోతు బురదల బస్తాలు పేరుస్తున్నరు. పేర్చినయి పేర్చినట్టే మునుగుతున్నయి. బ్యానర్ మీది పెద్దమనిషి పక్కనోని గదువ దాక దిగిండు.

ఆడోళ్లు కూసున్నరు గద. వాళ్లు శాలువాలకు లేవరు. శివకృష్ణ గొంతు మార్చిండు.

"అమ్మలక్కలారా! దీని తర్వాత ఆడబిడ్డల కబడ్డీ ఉన్నది. మన ఆడబిడ్డలు కోర్టుల అడుగుపెట్టే ముందట బొట్టు పెట్టేటోళ్లు లేకుంటే ఎట్ల? నిడమనూరు అమ్మలు ముందుగాల రావాలె. ఏ తల్లీ, నువ్వే, ఎర్ర చీరె. బిక్షమ్మవ్వా, నువ్వు లేస్తే అందరు లేస్తరు!"

బిక్షమ్మ అని ఒక ముసలవ్వ ఉంటదని ఆయనకు ఎరుక లేదు, గాల్లో ఏసిండు. ఆ ఊర్లు గదా, ఒక బిక్షమ్మ లేకుండ ఉంటదా? ఇద్దరు లేచిండ్రు. కుంకుమ భరిణెలు లేవు, ఎవరో చేతి సంచిల నుంచి తీసిండ్రు. పిల్లల చేతులు పట్టుకొని మెల్లగ, మాట్లాడుకుంట దిగిండ్రు. "బొట్టుకు ఇంత మందా?" "పిలిచినంక పోకుంటే ఏం బాగుంటది?" ఆ మాటలు బల్ల దాక ఇనబడుతున్నయి. ప్రతి మాటకు ఆయన లోపల, "దిగు తల్లీ, మాట్లాడుడు తర్వాత, దిగు తల్లీ" అనుకుంటనే ఉన్నడు.

గ్యాలరీ పల్సబడ్డది. అప్పుడు తల ఎత్తి చూసిండు. ఎడమ కొసన, పై వరుసల మల్లిక ఒక్కతే.

అప్పుడు ఎరుకైంది ఆయనకు తను చేసిన పని. ఊర్ల పేర్లు పెట్టి పిలిచిండు. ఒక్క ఊరూ ఆమెది కాదు. అనుముల కాదు, నిడమనూరు కాదు. బొట్టు పెట్ట రమ్మన్నది ఇక్కడి ఆడబిడ్డలకు, ఆమె పరాయి ఊరి మనిషి, పిలువని పేరంటానికి పోతదా? ఒడిల సుమన నిద్రపోయింది. అందరికి దారి దొరికింది. తన ఇల్లు మాత్రం ఆ దారి బయటనే ఉండిపోయింది.

కొందరు పడుసు పిలగాండ్లు నడుమ వరుసలల్ల కాళ్లు జాపుకొని కూసున్నరు, జాగా దొరికిందని.

"మల్లికా!" అన్నడు మైకుల. "మల్లికా, సుమనను ఎత్తుకొని కిందికి రా."

పెండ్లయినప్పటి నుంచి నలుగురి ముంగట ఆమె పేరు పెట్టి పిలిచింది లేదు. మైదానం మొత్తం గొల్లుమన్నది. పడుసు పిలగాండ్లు ఈలలేసిండ్రు. "వదినా, కీపరన్న పిలుస్తుండే! పో వదినా, నీకూ శాలువనే!" మల్లిక మొఖం ఎర్రబడ్డది. కొంగు నెత్తి మీదికి లాక్కొని, మొఖం అటు తిప్పుకున్నది. ఈ మనిషికి మైకు దొరికితే ఇంటిది, బయటిది అనే తేడా లేదని ఆమె కోపం. చేత్తోటి 'పో' అన్నట్టు విదిలించింది.

కింద ఏదో కట్టె పగిలిన సప్పుడు. ఎంకటేశ్ మనుషులు ఎనక్కి దూకిండ్రు. వాళ్లు అరువకముందే రామచంద్రం వాళ్ల దిక్కు వేలు చూపిచ్చి ఆపిండు.

శివకృష్ణకు మాటలు అయిపోయినయి. ఇంత పొద్దు పట్టి ఉంచిన పెండ్లి గొంతు జారిపోయింది. జోకు దొరకలేదు, సాకు దొరకలేదు. మైకు పెదాలకు ఆనించి, చిన్నగ ఒక్కటే అన్నడు.

"ఇగో..."

ఇంట్ల కరెంటు పోయి మూలకు ఏదో కదిలితే, ఉరుము ఉరిమితే, తేలు కనబడితే ఆమెను పిలిచే పిలుపు అది. అటు ఇటు ఒణుకుకుంట, సగంల ఆగే పిలుపు. మైదానంల ఉన్నోళ్లకు ఆయన ఎవరిని పిలిచిండో, ఏం చెప్పబోయిండో అర్థం కాలేదు. మాట మరిచిండు అనుకున్నరు. మల్లిక మాత్రం చటుక్కున తల తిప్పింది. ఆయన మొఖం చూసింది. ఆయన చూపు పట్టుకొని తన కాళ్ల కిందికి చూసింది.

సుమనను భుజానికేసుకొని, నిలబడకుండ, కూసున్న కాడి నుంచే చెక్క మీద జరుక్కుంట జరుక్కుంట మెట్ల దాక వచ్చింది. మెట్టు మెట్టుకు కాలు పెట్టి, బరువేసి చూసి, ఇంకో కాలు పెట్టి దిగింది. ఒక చెక్క ఊగింది. ఆగింది. శివకృష్ణ ఊపిరి కూడ ఆగింది. మైకు ఆన్‌లనే ఉన్నది, స్పీకర్ల నుంచి సప్పుడు లేదు. జనానికి ఆ సప్పుడు లేకపోవుడే వింత అయింది. ఒకరొకరే తిరిగి ఆయన మొఖం చూడబట్టిండ్రు.

ఆమె పాదం ఎర్రమట్టి మీద పడ్డది.

"తమ్మీ, మీరు దిగుండ్రి! దిగుండ్రిరా!" అని అప్పుడు అరిచిండు పిలగాండ్లను చూసి. ఇంక దాపరికం లేదు. కొందరు దూకిండ్రు. ఇద్దరు ఏమైందని లేచి నిలబడి చూస్తున్నరు. గ్యాలరీ ఎడమ దిక్కుకు ఒక నిట్టూర్పు ఇడిసినట్టు ఒరిగి, పెళపెళమని కూలింది. బురద ఎగిరి కోర్టు మీద పడ్డది. బ్యానర్ మీది పెద్దమనుషులంతా నీళ్లల్ల మొఖాలు పెట్టిండ్రు.

ఆ ఇద్దరు పిలగాండ్లను కట్టెల కింది నుంచి తీసి నల్లగొండ దవాఖానకు తీస్కపోయిండ్రు. ఒకనికి కాలు ఇరిగింది, ఒకనికి భుజం ఎముక జాగ నుంచి జరిగింది. ప్రాణాలకు ఏం కాలేదు. ఆ కాలు ఇరిగినోని తల్లి వారం దాక కీపరన్నను తిట్టింది, నా కొడుకు పేరు ఎందుకు పిలువలేదని. ఆమె తిట్టిన దాంట్ల తప్పేం లేదని శివకృష్ణ ఇప్పటికీ అంటడు.

ఆ గోలల అనుముల తాత ఒకాయన బల్ల కాడికొచ్చి, "బిడ్డా, అందరికి శాలువా ఇచ్చి నాది గుంజుకున్నరు. ఇది నాయమా?" అని అడిగిండు. సన్మానం ఉత్తుత్తి సన్మానమని ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. శివకృష్ణ రామచంద్రం దిక్కు చూసిండు. రామచంద్రం తన భుజం మీది కండువా తీసి ఆ తాతకు కప్పిండు.

బస్సు ఎక్కిండ్రు. కిటికీ పక్కకు మల్లిక, నడుమ సుమన, ఇటు పక్క ఈయన. పెద్దవూర దాటిండ్రు.

"ఇంత మందిని పిలిచినవ్," అన్నది మల్లిక, బయటికే చూసుకుంట. "నన్ను ఎందుకు ఆఖరుకు పిలిచినవ్?"

"నిన్ను ముందుగాల పిలిస్తే అందరు నా మొఖం చూస్తరు. కామెంటరీ చేసేటోడు తన పెండ్లాన్ని మొదలు దింపుకున్నడంటే ఏదో ఉన్నదని లేస్తరు. లేస్తే..."

"లేస్తే?"

గొర్లు గుర్తుకొచ్చినయని చెప్పుడెట్ల?

"నీ లెక్క మంచిదే," అన్నది మల్లిక. "నేను, బిడ్డ పైన ఉన్నమన్నది నీ లెక్కల ఉన్నదా?"

"మొదటి మాట నుంచి ఉన్నది. మీరు తప్ప నాకేం కనబడలే. కాని ఊర్ల పేర్లు పిలుసుకుంట పోతుంటే... మన ఊరు పేరు ఆ వరుసల లేదన్న సంగతి తట్టలే మల్లికా. మరిచిన. బుగులుల మరిచిన."

ఆమె ఇప్పుడు తిరిగి ఆయనను చూసింది. ఆయన ఎంత భయస్థుడో ఆమెకు చెప్పేదేముంది? కాని తన గురించి మరిచేంత బుగులు ఉంటదని ఆమెకు ఆ పొద్దే ఎరుకైంది. అది మెత్తటి చూపు కాదు. తేలును చూసినప్పుడు చెప్పు కోసం చూసే చూపు.

"ఇంకోపారి గ్యాలరీ ఎక్కకే," అన్నడు బతిలాడినట్టు. "నేను కిందనే, నా పక్కకు కుర్చీ ఏపిస్త."

"ఎందుకు ఎక్క? ఎక్కుత," అన్నది. "ఎక్కడ నువ్వు మాట్లాడితే అక్కడికి వస్త. అన్నిటికంటె పైన కూసుంట. బిడ్డను కూడ తెస్త. నువ్వు నన్ను మరుస్తవో లేదో అక్కడ కూసోనే చూస్త."

అన్న మాట అన్నట్టే చేస్తాంది. దేవరకొండల, కొత్తకోటల, ఎక్కడ ఆటలున్నా పై వరుసల, ఒక కొసన మల్లిక. కింద బల్ల కాడ కీపరన్న జోకులేస్తనే ఉంటడు, జనం నవ్వుతనే ఉంటరు. రైడర్ ఔటయింది ఒక్కోసారి ఆయన చూడడు. రాజేశ్ గిల్లి చెప్పాలె. ఎందుకంటే ఆయన రెండు కండ్లు గ్యాలరీ కట్టెలల్ల, ఒక్కో కట్టె మొదట్ల ఉంటయి, ఆట అయ్యేదాక.